సెల్లు లాక్కుంటే సరిపోదు, సివిక్స్ పీరియడ్ కావాలి



2018 జూలై 13న హైదరాబాదుకు చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు స్నేహితులతో కలిసి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్ళాడు. వాళ్ళలో ఒకరు ఖతార్ నుంచి వచ్చినవారు. దారిలో బడి పిల్లలు కనబడితే చాక్లెట్లు పంచారు. గల్ఫు నుంచో, అమెరికా నుంచో ఊరికి వెళ్ళినప్పుడు మనలో చాలామంది చేసే పనే. కానీ పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో పుకార్లు షికార్లు చేస్తున్న రోజులవి. ఎవరో వాళ్ళ వీడియో తీసి గ్రూపులో పెట్టారు. వాళ్ళ కారు ముర్కి అనే ఊరు చేరేసరికి కారు కన్నా ముందు ఆ వీడియో చేరింది. జనం దారికి అడ్డం పడ్డారు. కాపాడబోయిన పోలీసులు కూడా దెబ్బలు తిన్నారు. ఆ ఇంజనీరు ప్రాణం పోయింది. వారం రోజుల్లో వాట్సాప్ కంపెనీ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా పరిమితి ప్రకటించింది.

ఆ రోజు ఆ చాక్లెట్లు అందుకున్న పిల్లలు ఈపాటికి ఎదిగి ఉంటారు. వాళ్ళ చేతుల్లోకీ ఫోన్లు వచ్చే ఉంటాయి. ఈలోగా బడిలో వాళ్ళకు త్రికోణమితి చెప్పి ఉంటారు, కిరణజన్య సంయోగక్రియ చెప్పి ఉంటారు. చేతికొచ్చిన వీడియో నిజమో కాదో ఎలా తేల్చుకోవాలో ఎవరైనా చెప్పారా? నాకు తెలిసిన ఏ బడిలోనూ ఆ పాఠం టైంటేబుల్‌లో లేదు.

ఫోను మాత్రం బడే ఇప్పించింది. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో, ఫోన్లలో నడిచాయి. అప్పు చేసి ఫోను కొన్న కుటుంబాలు మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది. పాఠాలు తప్ప మరేమీ రాకుండా తాళం వేసి ఇచ్చామన్నారు. పిల్లలు ఆ తాళాలు తీసేశారని ఆ తర్వాత పత్రికల్లో చదివాం. పదమూడేళ్ళ వయసులో తాళం కనిపిస్తే తీయాలనిపిస్తుంది, మనం కూడా అలా తీసి తీసే ఈ వృత్తిలోకి వచ్చాం కదా! వస్తువు ముందు వెళ్ళింది, పాఠం వెనకబడింది. వెనకబడడం కూడా కాదు, అసలు బయల్దేరనే లేదు.

ఈ సమస్యకు మన దగ్గర చెలామణిలో ఉన్న మందులు మూడు. నిషేధం, జప్తు, సదస్సు.

ఆస్ట్రేలియా 2024లో చట్టం చేసి, 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ళలోపు పిల్లలకు ప్రధాన సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదంది. 2026 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ కూడా అటువంటి ఆలోచన ఉందన్నారు. నేను దీన్ని కొట్టిపారేయను. ఆ చట్టంలో జరిమానా పిల్లలకూ తల్లిదండ్రులకూ కాదు, కంపెనీలకు. ఇన్నాళ్ళూ తప్పంతా పిల్లలదే అన్నట్టు మాట్లాడిన దానికన్నా అది మేలే. కానీ ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. పదహారో పుట్టినరోజున గేటు తెరుచుకుంటుంది. లోపలికి అడుగుపెట్టే పిల్లవాడు అంతకు ముందు రోజుకన్నా కొత్తగా నేర్చుకున్నదేమిటి? ఈత రానివాణ్ణి పదహారేళ్ళ దాకా చెరువు దగ్గరికి రానివ్వకుండా ఉంచి, ఆ తర్వాత ఒక్కసారిగా నెట్టేసినట్టు కాదా?

జప్తు సంగతి కాసేపాగి చెబుతాను. ముందు సదస్సు గురించి మాట్లాడాలి. ఎందుకంటే మన ఎన్నారై సంఘాలకు ఎక్కువ ఇష్టమైనది అదే. బ్యానరు, మైకు, ఒక అధికారి, వందలమంది పిల్లలు ఎండలో బారులు తీరి కూర్చోవడం, చివర ఒక గ్రూపు ఫోటో. ఒక గంటలో అవగాహన పూర్తి!

ఇది పనిచేయదని నేను ఊహించి చెప్పడం లేదు. 2019 ఎన్నికల సమయంలో సుమిత్రా బద్రీనాథన్ అనే పరిశోధకురాలు బీహారులో 1,200కు పైగా ఇళ్ళలో సరిగ్గా ఇదే పరీక్షించారు. గంటసేపు ఎదురుగా కూర్చుని, వాట్సాప్‌లో వచ్చే అబద్ధాలను ఎలా పట్టుకోవాలో పెద్దలకు నేర్పించారు. మొత్తం మీద చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పైగా ఒక పార్టీ అభిమానులు తమకు అనుకూలమైన అబద్ధాలను గుర్తించడంలో ఇంకా వెనకబడ్డారు. అది ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. మన రెండు రాష్ట్రాల పార్టీల అభిమానుల్ని కూర్చోబెట్టినా వేరే ఫలితం వస్తుందని నేను అనుకోను.

అదే పరిశోధకురాలు మరి కొందరితో కలిసి అదే బీహారులో ఇంకో ప్రయత్నం చేశారు. ఈసారి పెద్దలు కాదు, హైస్కూలు వయసు పిల్లలు. గంట కాదు, 14 వారాల్లో నాలుగు తరగతులు. ప్రభుత్వ సంస్థ గ్రంథాలయాల్లో, బల్లల మీద, పాఠం లాగే. 583 గ్రామాలు, 13,500 మందికి పైగా విద్యార్థులు. ఈసారి ఫలితం తిరగబడింది. పాఠం విన్న పిల్లలు నిజాన్నీ అబద్ధాన్నీ వేరు చేయడంలో స్పష్టంగా మెరుగయ్యారు. నాలుగు నెలల తర్వాత మళ్ళీ అడిగినా ఆ మెరుగుదల నిలిచే ఉంది. పాఠాలు ఆరోగ్యానికి సంబంధించిన పుకార్ల మీద చెబితే, ఆ తెలివి రాజకీయ పుకార్ల దాకా పాకింది. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది వేరే ఉంది. ఆ పిల్లల తల్లిదండ్రులు కూడా మెరుగయ్యారు! పెద్దలకు నేరుగా చెబితే ఎక్కనిది, పిల్లల ద్వారా ఇంటికి చేరింది.

బీహారులో సాధ్యమైనది మన దగ్గర ఎందుకు సాధ్యం కాదు? నిజానికి మనవాళ్ళు అంతకు ముందే ఇంకో దారిలో చేసి చూపించారు. 2018 ఎండాకాలంలో ఇవే పుకార్లు పాలమూరు ప్రాంతాన్ని చుట్టుముట్టినప్పుడు, జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఒక్క సదస్సుతో ఊరుకోలేదు. ఊరికో పోలీసును బాధ్యుణ్ణి చేశారు. వాళ్ళు మళ్ళీ మళ్ళీ వెళ్ళారు, గ్రామస్తుల వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, డప్పు కొట్టి పాటలు కట్టి చెప్పారు. ఆమె పరిధిలోని ఊళ్ళలో ఈ పుకార్ల వల్ల ప్రాణం పోలేదు. అదే సంవత్సరం కేరళలోని కణ్ణూరు జిల్లాలో సుమారు 150 ప్రభుత్వ పాఠశాలల్లో అబద్ధపు వార్తల మీద పాఠాలు మొదలయ్యాయి. టీకాల మీద వాట్సాప్‌లో వచ్చిన పుకార్లను నమ్మి తల్లిదండ్రులు పిల్లలకు సూది వేయించకపోవడం చూసి అక్కడి కలెక్టరు పూనుకున్న పని అది. గద్వాలలో పోలీసు చేసిన పనిని కణ్ణూరులో టీచరు చేశారు. ఎస్పీకి బదిలీ అవుతుంది, కలెక్టరుకూ అవుతుంది. సోషల్ మాస్టారుకు కూడా అవుతుంది కానీ ఆయన స్థానంలో మరో సోషల్ మాస్టారే వస్తాడు. అందుకే ఈ పని అధికారి ఉత్సాహం మీద ఆధారపడకూడదు, టైంటేబుల్ మీద ఆధారపడాలి అంటున్నాను.

ఇంతకీ ఆ పీరియడ్‌లో ఏం చెప్పాలి? "ఫోను ఎక్కువ చూడొద్దు, కళ్ళు పోతాయి" అని కాదు. అది అమ్మమ్మ రోజూ చెబుతూనే ఉంది.

ముందు యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పాలి. ఇలాంటి యంత్రాలను తయారు చేసే వృత్తిలోనే మనలో చాలామందిమి ఉన్నాం కాబట్టి ఇది మనకు తెలిసినంతగా చాలామందికి తెలియదు. పిల్లవాడు ఫోను తెరిస్తే కనబడేది లోకం కాదు, అతని వేలు ఎక్కడ ఆగుతుందో అంచనా వేసి పేర్చిన వరస. 2017లో ఫేస్‌బుక్ లైకుకు ఒక మార్కు వేస్తే, కోపంతో ఎర్రబడ్డ ముఖం బొమ్మతో సహా మిగిలిన ఎమోజీలకు అయిదు మార్కులు వేసిందని ఆ కంపెనీ అంతర్గత పత్రాల ద్వారా 2021లో బయటపడింది. కోపం తెప్పించే పోస్టులే అబద్ధాలను ఎక్కువగా మోస్తున్నాయని తేలాక, 2020లో కోపం బొమ్మ విలువను సున్నా చేశారు. ఈ ఒక్క సంగతి ఎనిమిదో తరగతి పిల్లలకు తెలుగులో చెప్పి చూడండి. "నీకు కోపం వస్తే ఎవరికి లాభం?" అని అడగండి. లెక్కల్లో వెనకబడ్డ పిల్లవాడికి కూడా అర్థమవుతుంది.

తర్వాత పరిశీలన నేర్పాలి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చరిత్ర ప్రొఫెసర్లనీ, తమ విద్యార్థులనీ, వార్తల నిజనిర్ధారణ చేసేవాళ్ళనీ పోల్చి చూశారు. చదువుకున్నవాళ్ళు ఆ పేజీలోనే ఉండి, దాని అందచందాలు చూసి మోసపోయారు. నిజనిర్ధారకులు మాత్రం పేజీని సరిగ్గా చదవను కూడా చదవలేదు. వెంటనే పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి "అసలు వీళ్ళెవరు?" అని వెతికారు. కొత్త ఊళ్ళో పెళ్ళి సంబంధం వస్తే మనవాళ్ళు చేసేది కూడా ఇదే. పెళ్ళికొడుకుని అడగరు, పక్కింటివాళ్ళని అడుగుతారు! ఈ పద్ధతిని అమెరికాలో హైస్కూలు పౌరశాస్త్రం తరగతుల్లో, మామూలు టీచర్ల చేత, 50 నిముషాల పాఠాలు ఆరు చెప్పించారు. పిల్లలు మెరుగయ్యారని 2022లో ప్రచురించారు. మనలో ఎంతోమంది కాపురం ఉంటున్న న్యూజెర్సీ రాష్ట్రం 2023 జనవరిలో ఒకటో తరగతి కన్నా ముందు నుంచే సమాచార అక్షరాస్యత నేర్పాలని చట్టం చేసింది. అంటే ఎడిసన్‌లో మన పిల్లలకు హక్కుగా దక్కిన చదువు, నరసరావుపేటలోనో నారాయణపేటలోనో వాళ్ళ బాబాయి పిల్లలకు దక్కడం లేదు.

ఉదాహరణలు వెతుక్కోవలసిన అవసరం లేదు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖం అతికించిన నకిలీ వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆ కేసులో పట్టుకున్న యువకుడు గుంటూరు జిల్లావాడు, ఇంజనీరింగ్ చదివినవాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో తన అభిమాన పేజీకి ఫాలోయర్లను పెంచుకోవడానికి చేశాడని పోలీసులు చెప్పారు. కేసు సంగతి కోర్టు తేలుస్తుంది. చదువు లేక జరిగే తప్పు కాదిది అన్న సంగతి మాత్రం పాఠంలో రావాలి. తెలుగులో నిజనిర్ధారణ చేసి పెడుతున్న ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థ హైదరాబాదులోనే ఉంది. టీచరుకు ముడిసరుకు కొరత లేదు.

కొరత అంతా టీచరు సమయానికే. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పే నా మిత్రుడొకడికి ఇదంతా ఫోనులో ఉత్సాహంగా చెబితే పడీ పడీ నవ్వాడు. "ఒరేయ్, నా ఫోను ప్రభుత్వానిదిరా. హాజరుకి ముఖం చూపించాలి, మధ్యాహ్న భోజనం ఫోటో పెట్టాలి, మరుగుదొడ్డి ఫోటో పెట్టాలి. ఇవన్నీ ఎక్కించాక పాఠం. నువ్వింకో యాప్ పంపిస్తానంటే మాత్రం నాకొద్దు" అన్నాడు. 2022లో ముఖ గుర్తింపు హాజరు పెట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్ ఉపాధ్యాయ సంఘాలు ఎందుకు గొడవ చేశాయో ఇక్కడ కూర్చుని చూసేవాళ్ళకు బద్ధకంగా కనిపించి ఉండవచ్చు. సొంత ఫోను, సొంత డేటా, నెట్‌వర్క్ అందని ఊళ్ళో గోడెక్కి సిగ్నల్ వెతుక్కోవడం వాళ్ళ వంతు.

అదే మిత్రుడు ఇంకో సంగతి చెప్పాడు. ఆగి చెబుతానన్న జప్తు సంగతి ఇదే. వాళ్ళ బడిలో ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి వాట్సాప్ ఫోటోను అదే తరగతి మగపిల్లలు తీసుకుని, ఇంకేదో బొమ్మకు అతికించి, తమ గ్రూపులో వేశారు. ఆ పిల్ల మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంట్లో ఫోను లాక్కుంటారు, ఆ తర్వాత బడి మాన్పిస్తారు అని భయం. ఆమె లెక్క తప్పు కాదు. సంగతి బయటపడగానే బడిలో వచ్చిన మొదటి సలహా కూడా "పిల్ల చేతికి ఫోనెందుకిచ్చారండీ?" అనే. జప్తు అనే శిక్ష తప్పు చేసినవాడి మీద కన్నా దెబ్బ తిన్నవాళ్ళ మీదే ఎక్కువ పడుతుంది. దానికి భయపడి పిల్లలు నోరు మూసుకుంటారు, వేధించేవాడికి కావలసింది అదే.

మా వాడు ఏం చేశాడంటే, అమ్మాయి పేరు ఎత్తకుండా, ఏ ఫోటో అని చెప్పకుండా, నల్లబల్ల మీద ఒక చుక్క పెట్టాడు. "ఒకడు ముగ్గురికి పంపాడు, ఆ ముగ్గురూ తలా ముగ్గురికి. గీయండి" అన్నాడు. అయిదో వరసకి బల్ల నిండిపోయింది. 243 చుక్కలు! "ఇందులో మీ అక్క ఫోను ఏ చుక్కో చూపించండి" అని అడిగాడట. ఎవరూ మాట్లాడలేదట. ఆ సాయంత్రమే ఒక కుర్రాడు స్టాఫ్ రూం బయట నిలబడ్డాడు. ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి తండ్రితో మాట్లాడి బడి మాన్పించకుండా చూసింది కూడా మా వాడే. ఇలాంటప్పుడు ఎక్కడ ఫిర్యాదు చేయాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేస్తే ఏమవుతుంది, పోలీసు దాకా వెళితే పిల్ల పేరు బయటికి రాకుండా చట్టం ఏం చెబుతోంది అన్నవి ఎవరూ ఆయనకు నేర్పలేదు. తనే వెతుక్కున్నాడు. డీఎస్సీ రాసినప్పుడు ఇది సిలబస్‌లో లేదు మరి.

ఇక రాజకీయ వేదికగా మనం ముందే గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. "బాధ్యతగా వాడడం" అన్న మాట మన దగ్గర చాలా సులువుగా "నోరు మూసుకోవడం"గా మారిపోతుంది. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో రాసిన అమ్మాయినీ, దానికి లైక్ కొట్టిన స్నేహితురాలినీ అరెస్టు చేశారు. అప్పుడు వాడిన ఐ.టి. చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అయినా పోస్టు పెట్టినందుకు అర్ధరాత్రి తలుపు కొట్టడం తెలుగు రాష్ట్రాల్లో ఏ ప్రభుత్వం వచ్చినా ఆగలేదు. ఏ పార్టీ వాళ్ళైనా ప్రతిపక్షంలో ఉన్నప్పుడు దీన్ని ఖండిస్తారు, అధికారంలోకి రాగానే మరచిపోతారు. ఈ వాతావరణంలో ప్రభుత్వమే పాఠం రాయిస్తే, అందులో ముఖ్యమంత్రిని విమర్శించడం "బాధ్యతారాహిత్యం" కింద చేరదని హామీ ఏమిటి?

ఇక్కడ అమెరికాలో 2021లో సుప్రీంకోర్టు ఒక హైస్కూలు అమ్మాయి కేసు తేల్చింది. బడి మీద కోపంతో శనివారం నాడు, బడి బయట, స్నాప్‌చాట్‌లో బూతు మాట రాసింది. బడి ఆమెను చీర్‌లీడర్ల జట్టు నుంచి తీసేసింది. కోర్టు 8-1 తేడాతో అమ్మాయి పక్షాన నిలిచింది. నచ్చని అభిప్రాయాన్ని కూడా కాపాడడం బడికే అవసరమని చెప్పింది. అదే అమెరికా 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసేవాళ్ళు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనబడేలా తెరిచి పెట్టాలంది. డిసెంబరులో దాన్ని హెచ్1బీ, హెచ్4లకు కూడా చాచింది. మనందరికీ తెలిసిన పిల్లలే రాత్రికి రాత్రి పాత పోస్టులన్నీ తుడిచేసుకున్నారు. వాళ్ళని తప్పు పట్టను, వీసా అవసరం అలాంటిది. కానీ భయంతో తుడవడాన్ని బాధ్యత అని టీచరు చేత చెప్పించకూడదు. అబద్ధం చెప్పకు, ఒకరి పరువు తీయకు, ఒకరి ఫోటో అడక్కుండా వాడకు. ఆ తర్వాత నీకు నిజమనిపించింది ధైర్యంగా రాయి. ఈ రెండు భాగాలూ కలిస్తేనే పాఠం.

అడక్కుండా ఫోటో వాడడం అంటే గుర్తొచ్చింది. నోటు పుస్తకాలు పంచి, పిల్లల చేతికి ఇచ్చి, ముఖాలు స్పష్టంగా కనబడేలా ఫేస్‌బుక్‌లో పెట్టే దాతలు మన చుట్టూ కొల్లలు. పేద పిల్ల అని రాసి మరీ పెడతారు. ఆ పిల్ల రేపు ఉద్యోగానికి వెళ్ళినా ఆ ఫోటో వెంట ఉంటుంది. ఇలా చేసే సంఘం వచ్చి బడిలో సోషల్ మీడియా పాఠం చెబితే పిల్లలు నవ్వుతారు. కనీసం నవ్వాలి.

వచ్చే నెల టెలికాన్ఫరెన్సులో మన విద్యా నిధి ఖర్చు చర్చకు వస్తుంది. కొందరు మిత్రులు ప్రొజెక్టర్లు, ట్యాబులు కొనాలంటున్నారు. నా ఓటు దానికి కాదు. ఒక మండలం తీసుకుందాం. అక్కడి హైస్కూళ్ళ సోషల్, తెలుగు టీచర్లకు వేసవి సెలవుల్లో నాలుగు రోజుల శిక్షణ ఇప్పిద్దాం. ఊరికే కాదు, రోజుకింత అని భత్యం ఇచ్చి. ఆరు పాఠాలు తెలుగులో, పిల్లల ఫోన్లకు నిజంగా వచ్చిన సందేశాలతో, టీచర్లే రాసుకోవాలి. యంత్రం లోపలి సంగతులు అడిగితే చెప్పడానికి మనలో పదిమంది ఆదివారాలు ఇస్తే చాలు. పార్టీల ఉదాహరణలు వాడితే అన్ని పార్టీలవీ వాడాలి. యాప్ ఉండదు, బ్యానరు ఉండదు, పిల్లల ఫోటోలు ఉండవు. మొదటి పాఠానికి ముందు ఒకసారి, ఏడాది చివర ఒకసారి పిల్లలకు పది సందేశాలు చూపించి ఏది నిజమో గుర్తించమని అడుగుదాం. మెరుగుపడకపోతే ఆ సంగతి ఇక్కడే రాస్తాం.

మా వాడిని అడిగాను, నీ మండలం నుంచి మొదలుపెడదామా అని. "ఎంఈఓ గారి అనుమతి నేను తెస్తాను. కానీ శిక్షణ మే నెలలో వద్దు, ఎండకి చస్తాం. జూన్ మొదటి వారంలో పెట్టండి" అన్నాడు. కాబట్టి డబ్బుల సంగతి ఏప్రిల్‌లోపు తేలాలి.